అరసవల్లి ఎండ, అరవై వేల పొడి

మా పిన్నిది శ్రీకాకుళంలో అరసవల్లి గుడికి నడిచి వెళ్ళగలిగేంత దగ్గర ఇల్లు. ఆదివారం వేకువనే దర్శనం, రథసప్తమికి జిల్లేడు ఆకులు నెత్తిన పెట్టుకుని స్నానం, ఏ ఏడూ తప్పవు. కాళ్ళ నొప్పులని రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 11 అని వచ్చింది. కనీసం 20 ఉండాలంటారు. "ఎండల దేవుడి పక్కనే ఉండి నాకు ఎండ చాలలేదంటే నవ్వుతారు బాబూ" అంది.

నవ్వాల్సిన పని లేదు. ఆవిడ ఒంటికి తగిలేది వేకువ ఎండ. చర్మంలో విటమిన్ డి పుట్టించేది అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం. సూర్యుడు నేలబారుగా ఉన్నప్పుడు వెలుగు చాలా మందమైన గాలిపొరను, ఓజోన్‌ను దాటి రావాలి. ఆ దారిలోనే ఈ కిరణాలు దాదాపు ఇంకిపోతాయి. మార్చిలోనూ అక్టోబరులోనూ గుడిలో స్వామి పాదాలను తాకే ఆ లేత కిరణాలు కంటికి ఎంత అందమో, విటమిన్ విషయంలో అంత పేదవి. 'పొద్దుటి ఎండ ఒంటికి మంచిది' అన్న మాట నేనూ చిన్నప్పటి నుంచి నమ్మాను. ఈ ఒక్క విషయంలో అది తప్పు.

పరికరాలేమీ లేకుండా చూసుకునే గుర్తు ఒకటుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండలో సరుకున్నట్టు. శ్రీకాకుళం ఉన్నది సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. లెక్క వేస్తే మే నెలలో ఉదయం 9 గంటలకే నీడ మనకంటే పొట్టిదవుతుంది. డిసెంబరు చివర కూడా పదకొండు గంటలకు అయిదడుగుల మనిషి నీడ అయిదడుగుల లోపే. లండన్‌లో ఆ నెల మిట్టమధ్యాహ్నం నీడ మనిషికి దాదాపు నాలుగింతలుంటుంది, అక్కడ చలికాలమంతా ఈ విటమిన్ తయారీ మూతపడినట్టే. మనకు అలాంటి నెల ఒక్కటీ లేదు. లేనిదల్లా ఆ వేళకు బయట ఉండే మనిషి. కిటికీ అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది, నిండుగా కప్పిన బట్టా ఆపుతుంది. నల్లని చర్మానికి మరింత సేపు కావాలి. అలాగని రోహిణి కార్తెలో నడినెత్తి ఎండన నిలబడమనడం లేదు, వడదెబ్బకు విటమిన్లతో పని లేదు.

చర్మంలో పుట్టింది అలాగే పనికిరాదు. కాలేయం దాన్ని ఒకసారి మారుస్తుంది, ఆ రూపాన్నే రక్తపరీక్షలో కొలుస్తారు. తర్వాత మూత్రపిండాలు మరోసారి మారిస్తేనే అసలు పని మొదలవుతుంది. మూత్రపిండాల జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లాలో ఈ చివరి మెట్టును తేలిగ్గా దాటేయకూడదు. కవిటి, సోంపేట, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్ళకు ఎండకు కొదవేమిటి? అయినా మూత్రపిండాలు దెబ్బతిన్నాక ఎంత ఎండ తగిలినా చివరి మార్పు సరిగా జరగదు. ఎముకలు గుల్లబారతాయి. అలాంటివారికి అవసరాన్ని బట్టి ముందే మార్చి ఉంచిన రూపాన్ని వైద్యులు విడిగా రాస్తారు. పక్కింటివారికి పనిచేసిన పొడి వీరికి మందు కాకపోవచ్చు.

ఇక రోగనిరోధక శక్తి. దీని మీద ఆశ పాతదే. చర్మానికి వచ్చే క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు ఫిన్‌సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. క్షయ క్రిమి ఎదురైనప్పుడు మన రక్షక కణాలు దాన్ని చంపే పదార్థాన్ని తయారుచేయడానికి విటమిన్ డి కావాలని 2006లో ప్రయోగశాలలో తేలింది. ఇంత బలమైన ఆధారం ఉన్నప్పుడు మాత్రలు వేస్తే క్షయ తగ్గాలి కదా? మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలను తీసుకుని, కొందరికి మూడేళ్ళపాటు వారానికి 14,000 యూనిట్లు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందు తీసుకున్నవారి రక్తంలో విటమిన్ పెరిగింది. క్షయ సోకడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. అమెరికాలో 25,871 మంది మీద విటమిన్ డి మాత్రలతో అయిదేళ్ళకు పైగా జరిగిన పరీక్షలో క్యాన్సర్లూ గుండెపోట్లూ తగ్గలేదు. జలుబు, దగ్గుల మీద మొదట కొంత మేలు కనిపించింది. పరీక్షలు పెరిగేకొద్దీ ఆ మేలు చిక్కిపోయింది.

మరి రోగుల్లో విటమిన్ డి తక్కువగా ఎందుకు కనిపిస్తుంది? జబ్బుపడ్డవాడు ఇంట్లో ఉంటాడు, ఎండకు పోడు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో ఆ అంకె కూడా పడిపోతుంది. చెరువు ఎండడం కరువుకు గుర్తు. అందులో నాలుగు బిందెలు పోసినంత మాత్రాన వాన పడదు.

నిజంగా లోటున్నవారికి, ఎముకలు మెత్తబడ్డవారికి మందు మందే. మా పిన్నికి వైద్యుడు రాసిన 60,000 యూనిట్ల పొడి సరైనదే. వారానికి ఒక పొట్లం, ఎనిమిది వారాలు. బలానికి కదా అని ఆవిడ రోజుకొకటి పాలల్లో కలుపుకుంది. నాలుగో రోజు నేను వెళ్ళాను కాబట్టి ఆగింది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకు 600 యూనిట్లు చాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మోతాదు మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, చివరకు మూత్రపిండాలకే చేటు. ఎండతో ఈ ప్రమాదం లేదు, ఎక్కువైనదాన్ని చర్మం తనంతట తానే పనికిరాని రూపాల్లోకి మార్చేస్తుంది. తిండిలో కవళ్ళు, కానాగంతలు వంటి చేపలు, గుడ్డు పచ్చసొన కొంత ఇస్తాయి. చోడి (రాగి) అంబలిలో విటమిన్ డి లేదు గానీ కాల్షియం దండిగా ఉంటుంది, దాన్ని పేగు పీల్చుకోవడానికే ఈ విటమిన్ కావాలి.

పిన్ని ఇప్పుడూ వేకువనే గుడికి వెళ్తుంది. పదిన్నరకు పెరట్లో వడియాలు ఆరబెడుతూ తన నీడను అడుగులతో కొలుస్తుంది. వారం లెక్క తప్పకుండా మిగిలిన పొట్లాలను దేవుడి గూట్లో దాచింది, ఆదివారం దీపం పెట్టేటప్పుడు మాత్రమే ఒకటి తీస్తుంది.