నేలలోని సమాధుల వేటలో రాడార్: అపోహలు, వాస్తవాలు

అపోహ: రాడార్ పెడితే లోపలి గది ఫోటోలా కనిపిస్తుంది.

వాస్తవం: సర్వే చేసే మాకు స్క్రీన్ మీద వచ్చేవి నలుపు తెలుపు చారలు, అక్కడక్కడా విల్లులా వంగిన గీతలు. నేలలోకి పంపిన రేడియో తరంగం మట్టో రాయో మారిన చోట కొంత వెనక్కి వస్తుంది. మేం కొలిచేది అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్నే. ఆ నేలలో తరంగం వేగం ఎంతో తప్పుగా అనుకుంటే లోతు లెక్కంతా తప్పుతుంది.

అపోహ: రాడార్‌లో తేడా కనిపించిందంటే గది ఉన్నట్టే.

వాస్తవం: ఈ నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి కథ చాలు. దాని గోడల వెనక రాణి నెఫెర్టిటి సమాధి ఉండొచ్చని 2015లో ఈజిప్టు పురావస్తు నిపుణుడు నికోలస్ రీవ్స్ ప్రతిపాదించారు. అదే ఏడాది జపాన్ రాడార్ నిపుణుడు హిరొకట్సు వటనబె రాడార్ సర్వే చేసి ఖాళీలు ఉన్నాయన్నారు. ప్రపంచమంతా హెడ్‌లైన్లు! 2016లో నేషనల్ జియోగ్రాఫిక్ బృందం చూస్తే అవి కనిపించలేదు. 2018లో టురిన్ పాలిటెక్నిక్‌కు చెందిన ఫ్రాంచెస్కో పోర్చెల్లి బృందం వేర్వేరు ఫ్రీక్వెన్సీలతో మళ్లీ స్కాన్ చేసి, రహస్య గదులు లేవని తేల్చింది. ఈ సమాధి ఉన్న రాజుల లోయలోని సున్నపురాయి నిండా సహజమైన పగుళ్లే. పైగా మూసి ఉన్న గదిలో తరంగాలు ఎదురు గోడలకు తగిలి కూడా తిరిగొస్తాయి. అందుకే ఒక్క సర్వేతో ప్రకటన చేసేవాళ్లను నేను నమ్మను.

అపోహ: మంచి మెషీన్ ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

వాస్తవం: తడి బంకమట్టిలో రాడార్ తరంగం కాస్త దూరానికే నీరసించిపోతుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది.

అపోహ: ఏమీ కనిపించలేదంటే ఏమీ లేనట్టే.

వాస్తవం: చుట్టూ ఉన్న రాతి ముక్కలతోనే పూడిపోయిన గదికీ, బయటి రాతికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఎంత లోతు వరకు చూశారో చెప్పని రిపోర్టును పక్కన పెట్టండి.

అపోహ: సర్వే చేస్తే తవ్వే పనే ఉండదు.

వాస్తవం: ఎక్కడ తవ్వాలో చెబుతుంది, అంతే. ఇటలీలో ఇంజనీర్ కార్లో లెరిచి బృందం ఎట్రుస్కన్ల (రోమన్లకు ముందు అక్కడ వెలిగిన జనం) సమాధులను ముందు రాడార్‌తో కాకుండా నేల విద్యుత్ నిరోధం (రెసిస్టివిటీ) కొలిచి వెతికేది. తర్వాత సన్నటి రంధ్రం వేసి, అందులోంచి కెమెరా అమర్చిన పెరిస్కోప్ దింపేది. 1958లో తార్క్వినియాలో ‘ఒలింపిక్ క్రీడల సమాధి’ అలా బయటపడిందే. అయితే వాళ్లు చూసిన సమాధుల్లో చాలావాటిని అప్పటికే దొంగలు దోచేశారు. ఆ సంగతి ఏ రెసిస్టివిటీ మీటరూ చెప్పలేదు.