ఆవ ఎప్పుడు కలపాలి?

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో ఆవాలకి మూడు దారులు. పోపులో చిటపటలాడించడం ఒకటి. ఒడియావాళ్ల బెసర తరహాలో వెల్లుల్లితో నూరి చేపతో పాటు ఉడికించడం రెండోది. పనసపొట్టు కూరకైతే పచ్చిగా నూరి, పొయ్యి కట్టేశాక కలుపుతారు. గింజ అదే అయినా ముక్కు అదిరేది ఈ మూడోదానికే. కేన్సర్ నివారణ పరిశోధకులు ముప్పై ఏళ్లకు పైగా వెంటపడుతున్న రసాయనాలకీ ఆ ఘాటుకీ దగ్గరి చుట్టరికం.

నిజానికి గింజలో ఘాటు ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. గింజ చితికి తడి తగిలితే రెండూ కలిసి ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. పొడి ఆవపిండికి పెద్ద వాసనేమీ ఉండదు. చెంచాడు చన్నీళ్లు పోసి ఐదు నిమిషాలాగితే కళ్లు చెమరుస్తాయి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైము చచ్చిపోయి ఘాటు రాదు. పోపులో జరిగేదీ అదే.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ ఈ కుటుంబానివే. బ్రకోలీలో ఇలాగే పుట్టే సల్ఫోరఫేన్ అనే ఐసోథయోసయనేట్ గుణాన్ని 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టలాలే బృందం బయటపెట్టింది. విషాలను విరిచి బయటికి పంపే ఎంజైములను మన కణాలు ఎక్కువగా తయారుచేసుకునేలా అది పురిగొల్పుతుంది. చైనాలోని చిడాంగ్‌లో 291 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 12 వారాలు బ్రకోలీ మొలకల పానీయం తాగించారు. వాళ్ల మూత్రంలో బెంజీన్ అనే విషం తాలూకు వ్యర్థం 61 శాతం ఎక్కువగా బయటికి పోయిందని 2014లో ప్రకటించారు. విషం పోయిందన్నారు గానీ, కేన్సర్ తగ్గిందని ఎవరూ అనలేదు. వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో ఈ రెండో ముక్కే ఎగిరిపోతుంది.

వంటింటికి పనికొచ్చే సంగతి 2018లో వచ్చింది. ఉడికిన బ్రకోలీలో ఎంజైము చచ్చిపోయి ఉంటుంది కదా. అలాంటి 200 గ్రాముల బ్రకోలీకి ఒక్క గ్రాము ఆవపిండి కలిపి తినిపిస్తే, ఒంటికి పట్టిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లు దాటింది. ఆవపిండి అరువిచ్చింది తన ఎంజైమునే. మనవాళ్లు రుచి కోసం చివర్లో ఆవ పెట్టడం మొదలుపెట్టారు, కెమిస్ట్రీ వాళ్ల వైపే ఉంది.

నలుగురికి సరిపడే కూరకి చెంచాడు ఆవాలు పది నిమిషాలు నానబెట్టి, ఎండుమిర్చి, ఉప్పు వేసి చల్లటి నీళ్లతో నూరాలి. మిక్సీ ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి ఘాటు పోతుంది, ముద్ద చేదెక్కుతుంది. ఆపి ఆపి తిప్పాలి. నూరేటప్పుడే చింతపండు వేయకూడదు, పులుపు తగిలితే ఎంజైము మందగిస్తుంది. ముద్దని ఐదు నిమిషాలు వదిలేసి, కూర గోరువెచ్చబడ్డాక కలపాలి. క్యాబేజీ అయితే ఎంజైము పని చేసేలా తరిగి అరగంట ఉంచి, మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పడితే చాలు. ఉడికించి నీళ్లు వార్చేస్తే సారమంతా ఆ నీళ్లతోనే పోతుంది.

ఇంత శ్రమెందుకు, మాత్ర వేసుకుంటే పోలేదా అనేవాళ్లకి ఫిన్లండ్ అనుభవం చెప్పాలి. అక్కడ పొగతాగే 29,133 మంది మగవాళ్లపై జరిగిన ప్రయోగంలో, రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లకి ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చినట్టు 1994లో తేలింది. క్యారెట్‌లో మంచిదనిపించినది మాత్రగా మారేసరికి తిరగబడింది. ఇక గుడాఖుతో (పొగాకు ముద్దతో) పళ్లు తోముకుంటూ, అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) పీలుస్తూ ఆవపెట్టిన కూర తింటే నోటికి రక్ష దొరకదు.

సంతలో విడి ఆవాలు కొనేటప్పుడు గుప్పెడు తెల్లకాగితం మీద పోసి చూడండి. బ్రహ్మదండి అనే ముళ్ల కలుపు మొక్క గింజలు కలిస్తే కాళ్ల వాపులు, గుండె జబ్బు దాకా తెస్తాయి. ఆవగింజ నున్నగా ఉంటుంది, గోటితో నొక్కితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకుగా, ఇంకా నల్లగా ఉంటుంది, లోపల తెలుపు.