ఉడుతను చెట్టుకు అప్పగించే వారాల్లో దాని తిండి

తల్లిని కోల్పోయిన ఉడుత పిల్లకు సిరంజితో చుక్క చుక్కగా పాలు పట్టే దశ ప్రాణసంకటమైనదే అయినా, ఏ పూట ఎంత పట్టాలన్న లెక్క అప్పుడు స్పష్టంగానే ఉంటుంది. శాస్త్రవేత్తలు విస్తారంగా పరిశీలించిన బూడిద రంగు ఉడుతను తీసుకుంటే, దాని పిల్ల పుట్టినప్పుడు సుమారు 15 గ్రాములుంటుంది. నాలుగైదు వారాలకు కళ్లు తెరుస్తుంది. పది వారాలు వచ్చేసరికి దాదాపుగా పాలు మానేస్తుంది. ఆ తర్వాత, పన్నెండు పద్నాలుగు వారాల వయసులో దాన్ని బయటికి వదలడానికి సిద్ధం చేసే రోజుల్లోనే పెంచినవారి చేయి తప్పుతుంది. పిల్ల బొద్దుగా, చురుగ్గా ఉంది, ఇష్టంగా తింటోంది కాబట్టి ఇక భయం లేదనుకుంటారు. నిజానికి ఉడుత ఇష్టాన్ని నమ్మి తిండి పెట్టడమే ఈ దశలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ఎదురుగా నాలుగు రకాలు పెడితే ఉడుత పొద్దుతిరుగుడు గింజలను, వేరుశనగలను, మొక్కజొన్నను ఏరుకొని తిని మిగతావి వదిలేస్తుంది. ఎదిగే ఎముకకు కాల్షియం ఎంత అవసరమో, అది భాస్వరంతో సరైన పాళ్లలో అందడమూ అంతే అవసరం. కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఉండాలి. వంద గ్రాముల పొద్దుతిరుగుడు పప్పులో కాల్షియం సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటే భాస్వరం 650 మిల్లీగ్రాములు దాటుతుంది. వేరుశనగలో భాస్వరం కాల్షియానికి దాదాపు నాలుగు రెట్లు. ఇలాంటి తిండి మీదే బతికే పిల్ల రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు మెడలోని పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులు తమ హార్మోనును ఎక్కువగా విడుదల చేసి, ఎముకల్లోని నిల్వను కరిగించి ఆ లోటు పూడుస్తాయి. పైకి ఏమీ తెలియదు. కొన్నాళ్లకు పిల్ల కొమ్మ ఎక్కడానికి వెనకాడుతుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది, వణుకుతుంది. చిన్న గెంతుకే ఎముక విరిగిన ఉడుతలూ ఉన్నాయి. బోనులో ఈ లోపం కొంతకాలం దాగి ఉండవచ్చు గాని, చెట్టు మీద దాగదు.

అందుకే ఈ వారాల్లో ముందుగా పెట్టవలసినవి ఎలుక జాతి జంతువుల కోసం తగిన పాళ్లలో తయారుచేసిన దాణా బిళ్లలు, ఆకుకూరలు. పాలకూరలో కాల్షియం ఉన్నా, దానిలోని ఆక్సలేటు ఆ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి వేరే ఆకుకూరలు మేలు. గింజలు చివర్లో, కొద్దిగా పెట్టాలి. అడవిలోని ఉడుతలు ఎముకలను, జింకలు రాల్చిన కొమ్ములను కొరుకుతూ కనిపిస్తాయి. శుభ్రం చేసిన ఎముక ముక్క బోనులో ఉంటే పిల్లకూ అది పనికొస్తుంది. తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి విటమిన్ డి కావాలి, దాన్ని చర్మం తయారుచేసుకోవడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి, ఆ కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. బోనును ఆరుబయటికి మార్చడం పిల్లను వాతావరణానికి అలవాటు చేయడానికే అనుకుంటాం గాని, తిండి సంగతిలోనూ అది అంతే ముఖ్యం.

ఇక నేర్చుకోవలసిన విద్య సంగతి. ఆస్ట్రియా జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ ఎర్ర ఉడుత పిల్లలను మట్టి తగలని బోనుల్లో, ద్రవాహారం మీద పెంచి, తర్వాత వాటికి మొదటిసారిగా గట్టి పెంకు కాయలను ఇచ్చాడు. కడుపు నిండిన ఉడుత మిగిలిన కాయను నోట కరచుకొని ఒక మూలకు పోయి, గట్టి నేలనే ముందు కాళ్లతో గీకి, కాయను అక్కడ పెట్టి మూతితో పొడిచి, లేని మట్టిని దాని మీదికి లాగి కప్పినట్టు చేసింది. పాతిపెట్టడం ఎవరూ నేర్పనక్కరలేదన్నమాట. కాయను పగలగొట్టడం మాత్రం అలా కాదు. కొరకడం దానికి పుట్టుకతోనే వచ్చినా, కొత్త ఉడుత పెంకు నిండా అడ్డదిడ్డంగా గాట్లు పెడుతుంది. సాధన మీద గాని పెంకు పీచు వెంబడి గాడి చేసి, పళ్లు దూర్చి రెండుగా చీల్చడం అబ్బదు. ఒలిచిన పప్పు మీదే పెరిగిన పిల్లకు ఈ సాధన ఉండదు. జీవితాంతం పెరుగుతూనే ఉండే దాని ముందరి పళ్లు అరగడానికీ గట్టి పెంకు కావాలి. బెరడుతో, మొగ్గలతో, ఆకులతో ఉన్న పచ్చి కొమ్మలను ఆ పరిసరాల్లోని చెట్ల నుంచే తెచ్చి బోనులో కట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా ఉపయోగకరమైన పని, ఎందుకంటే రేపు దానికి దొరికేవి అవే.

వదలబోయే చోటే బోనును ఒకటి రెండు వారాలు ఉంచి, తర్వాత ఉడుత పట్టేంత కంత తెరిచి, తిండిని మాత్రం యథావిధిగా కొనసాగించే పద్ధతి మంచిది. తొలి రోజుల్లో చాలా ఉడుతలు పగలు తిరిగి, రాత్రికి బోనులో తాము పడుకునే పెట్టెలోకే వస్తాయి. ఒకటి రెండు రోజులు కనిపించకపోయినా గిన్నె, నీళ్లు అక్కడే ఉండాలి. మెల్లగా గిన్నెను బోను లోపలి నుంచి పైకప్పు మీదికి, అక్కడి నుంచి పిల్లులకు అందని ఎత్తులో కొమ్మ మీదికి జరపాలి. చేత్తో అందించడం పూర్తిగా మానాలి: ఒక మనిషి చేతిని నమ్మిన ఉడుత ఎవరి చేతినైనా నమ్ముతుంది, కుక్కను పట్టుకొని నిలబడ్డ మనిషిని కూడా.

పెట్టే కాయలను ఉడుత తినకుండా ఎత్తుకుపోతుంటే అది వృథా కాదు. బూడిద ఉడుతలు తాము పాతిన కాయలను వాసనతోనే గాక, చోటు గుర్తుపెట్టుకొని కూడా వెతుక్కుంటాయని 1991లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పక్కనే ఇతర ఉడుతలు పాతినవాటి కన్నా సొంత నిల్వలనే అవి ఎక్కువగా తవ్వి తీశాయి. చలి తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో శరదృతువు చివర వదిలిన పిల్లకు ఇలా దాచుకునే వ్యవధి చాలదు కాబట్టి, దాన్ని వసంతం దాకా ఉంచుకోవడమో, చలికాలమంతా తిండి పెట్టడమో తప్పదు.

ఎప్పుడు ఆపాలో తేదీ చూసి నిర్ణయించలేం. గిన్నెలో తిండి మిగిలిపోవడం మొదలైతే ఉడుత సొంతంగా సంపాదించుకుంటోందని అర్థం; అప్పటి నుంచి పరిమాణం తగ్గిస్తూ, తర్వాత రోజు విడిచి రోజు పెడుతూ మాన్పించవచ్చు. అయితే ఆ తిండిని కాకులో ఎలుకలో తింటున్నాయేమో దూరం నుంచి గమనించాలి, లేకపోతే లెక్క తలకిందులవుతుంది. మిగిలిన గింజలను ఏ రోజుకారోజు తీసేయాలి. బూజు పట్టిన వేరుశనగలో, మొక్కజొన్నలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గిన్నె తీసేసినా పడుకునే పెట్టెను మాత్రం మరికొన్ని నెలలు చెట్టుకే ఉంచడం మంచిది, ఎందుకంటే ఉడుత తిండి వెతుక్కున్నంత త్వరగా గూడు కట్టుకోకపోవచ్చు.