ఆషాఢం ముంగిట మ్యాక్ ప్రో కబురు

నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల సందుల్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గదులకు ఆషాఢంలో పని ఉండదు. కెమెరాలు తుడుచుకుంటారు, నిండిపోయిన హార్డ్ డిస్కులు ఖాళీ చేసుకుంటారు, కొత్త మిషను సంగతులు మాట్లాడుకుంటారు. యాపిల్ సంస్థ ఏటా జరిపే డెవలపర్ల సమావేశం కూడా జూన్‌లోనే. దాంతో ‘ఈసారి కొత్త మ్యాక్ ప్రో (యాపిల్ వారి అతి పెద్ద డెస్క్‌టాప్ కంప్యూటర్) ఖాయమట’ అన్న మాట ఏటా ఆషాఢం ముంగిట పుడుతూ వచ్చింది. చిప్ పేరు, మెమరీ, ధర అన్నీ ముందే చెప్పేస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నేను చూసినంతలో ఈ గదుల్లో ఎక్కువగా ఉన్నవి అసెంబుల్డ్ విండోస్ మిషన్లే. మ్యాక్ ఏ కొద్దిచోట్లో ఉంటుంది. ఆశ మాత్రం అందరిదీ.

ఆ ఆశకు కారణం 2006 ఆగస్టులో వచ్చిన మొదటి మ్యాక్ ప్రో. ఒంగోలులో ఒక మిత్రుడి దగ్గర అదే పోలికలో ఉన్న 2010 నాటి పెట్టె ఇంకా నడుస్తోంది. వెనుక గడియ లాగితే పక్క రేకు మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. హార్డ్ డిస్కులకు లోపల నాలుగు అరలు. వాటికి వైర్ల చిక్కు లేదు, సొరుగు లాగినట్టు లాగితే డిస్కు బయటికొస్తుంది. మొన్న బ్లోయరుతో దులుపుతుంటే దుమ్ముతో పాటు బల్లి గుడ్ల పెంకులు రాలాయి. ఆయన దానికి మెమరీ పెంచాడు, వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ డిస్కు పెట్టాడు, వీడియో పని చూసే గ్రాఫిక్స్ కార్డు రెండుసార్లు మార్చాడు. ఒకసారి కొంటే, పని పెరిగినప్పుడల్లా దాన్నే పెంచుకుంటూ పోవచ్చు. పెళ్లి సీజన్ల మీద బతికే వాళ్లకు ఇంతకంటే నచ్చే లెక్క ఏముంటుంది?

2012 జూన్‌లో మ్యాక్ ప్రోకు వచ్చిన మార్పు కంటితుడుపు. వాడకందార్లు మండిపడితే, వచ్చే ఏడాది చివరికి మంచిది వస్తుందని అప్పటి యాపిల్ సీఈఓ టిమ్ కుక్ ఒక వినియోగదారుడి ఈమెయిలుకు జవాబిచ్చారు. ఈలోగా ఫ్యాన్లకు రక్షణ ఉండాలన్న కొత్త భద్రతా నిబంధన కారణంగా 2013 మార్చి నుంచి యూరప్‌లో పాత పెట్టె అమ్మకమే ఆగిపోయింది.

అన్నట్టే 2013 డిసెంబరులో కొత్తది వచ్చింది. నల్లగా, గుండ్రంగా, పది అంగుళాల లోపు ఎత్తు. చూసినవాళ్లు చెత్తబుట్ట అన్నారు. నడిమధ్య మూడు ముఖాల లోహపు దిమ్మె, దాని ఒక ముఖానికి ప్రాసెసరు, మిగతా రెండిటికీ రెండు గ్రాఫిక్స్ చిప్‌లు, పైన ఒకే ఒక్క ఫ్యాను. వేడి మూడు వైపులా సమంగా పుడుతుందన్న ఊహ మీద కట్టిన యంత్రమది. తీరా పరిశ్రమ రెండు చిన్న గ్రాఫిక్స్ చిప్‌లను వదిలి ఒకే పెద్ద చిప్ వైపు వెళ్లింది. అంత వేడి ఒకే ముఖానికి తగిలిస్తే ఆ దిమ్మె మోయలేదు. అందుకే దాన్ని నవీకరించే దారి మూసుకుపోయింది. 2017 ఏప్రిల్‌లో కొద్దిమంది విలేకరులను పిలిచి యాపిల్ పెద్దలే ఈ సంగతి ఒప్పుకున్నారు. కొత్తది మళ్లీ మొదటి నుంచి చేస్తున్నామని, ఆ ఏడాది మాత్రం రాదని చెప్పారు. నోరు మెదపని సంస్థ అలా బయటపడటం చాలా అరుదు.

2019 డిసెంబరులో పెట్టె మళ్లీ పెట్టెలా వచ్చింది. అదనపు కార్డులు గుచ్చుకునే స్లాట్లు ఎనిమిది, ఒకటిన్నర టీబీ వరకు మెమరీ. ధర 5,999 డాలర్ల నుంచి మొదలు. చక్రాలు కావాలంటే అదనంగా 400 డాలర్లు! ఆ డబ్బుకు మన దగ్గర పాత స్కూటరు వస్తుంది, చక్రాలతో సహా.

ఆరు నెలలు దాటగానే, 2020 జూన్‌లో, ఇంటెల్ చిప్‌లను వదిలి రెండేళ్లలో సొంత చిప్‌లకు మారతామని యాపిల్ ప్రకటించింది. మిగతా మ్యాక్‌లన్నీ మారాక చివరగా 2023 జూన్‌లో మ్యాక్ ప్రో వంతు వచ్చింది. యాపిల్ సొంత ఎమ్2 అల్ట్రా చిప్‌తో వచ్చిన దాని ధర 6,999 డాలర్ల నుంచి మొదలైంది. మెమరీ చిప్‌తోనే కలిసిపోయింది, గరిష్ఠం 192 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే వీలు లేకుండా పోయింది. అదే చిప్ ఉన్న యాపిల్ చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ స్టూడియో 3,999 డాలర్లకే మొదలైంది. తేడా మూడు వేలూ ప్రధానంగా స్లాట్ల కోసమే. 2025 మార్చిలో మ్యాక్ స్టూడియోకు ఎమ్3 అల్ట్రా, 512 జీబీ మెమరీ ఇచ్చి, పెద్దన్న మ్యాక్ ప్రోను ఎమ్2 దగ్గరే వదిలేశారు.

నన్నడిగితే, కొత్త చిప్ బిగించడం యాపిల్‌కు పెద్ద పని కాదు. ఈ గదుల్లో కోరుతున్నది మాత్రం 2010 నాటి వెసులుబాటు. మెమరీ చిప్‌తో కలిసిపోయాక అది తిరిగి వస్తుందని నేను అనుకోను. ఒంగోలు మిత్రుడికి ఇదంతా చెబితే ఒక్కటే అడిగాడు: ‘‘రేకు తీస్తే లోపల నేను మార్చుకోవడానికి ఏముంటుంది?’’