తెల్లారుజామున టౌన్‌లోకి దిగే గబ్బు

జూన్, జులై వచ్చిందంటే చిత్తూరులో ఏం జరుగుతుందో ఇక్కడోళ్ళకి చెప్పక్కర్లేదు. తోతాపురి మామిడి కాయ దిగుతుంది, కాయలు కొనే ర్యాంపుల ముందర ట్రాక్టర్లు బారులు కడతాయి, మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ ఆడతాయి, ఇంకొన్నాళ్ళకి తెల్లారుజామున పాల ప్యాకెట్ కోసం బయటికొస్తే గాలిలో ఒక పుల్లటి గబ్బు, ఒకరోజు వెనిగర్ వాసన, ఇంకోరోజు పాడైన వెన్న వాసన. మధ్యాహ్నం అదే వీధిలో ఏమీ ఉండదు. ఫ్యాక్టరీలేమో గాంధీ రోడ్డులో లేవు, ఊరి బయట హైవేల పక్కన, చుట్టుపక్కల మండలాల్లో ఉన్నాయి. జనం కంప్లైంట్ ఇస్తారు, ఎవరో ఒకరు పగలు పదకొండింటికి వచ్చి మీటర్ పెట్టి చూసి అన్నీ లిమిట్ లోపలే అని రాసుకుని పోతారు, వీళ్ళేమో వాళ్ళు డబ్బు తిన్నారంటారు, వాళ్ళేమో వీళ్ళకి పనిలేదంటారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఆ వాసన ఎట్లా పుడుతుందో చూద్దాం. కాయలో గుజ్జు తీసేశాక మిగిలేది తక్కువేం కాదు, తొక్క, టెంక, పీచు అన్నీ కలిపితే బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. దానికి తోడు కాయలు కడిగిన నీళ్ళు, మిషన్లు కడిగిన నీళ్ళు, వాటి నిండా చక్కెర. కుప్ప పోసిన తొక్కలో మొదట ఈస్ట్ పని మొదలుపెట్టి చక్కెరని ఆల్కహాల్ చేస్తుంది, ఆ దశలో వాసన నిజానికి బాగానే ఉంటుంది, ఎవరూ తిట్టరు. తర్వాత గాలి తగిలే పైపొరలో ఆ ఆల్కహాల్ కాస్తా ఎసిటిక్ ఆసిడ్ అయిపోతుంది, వెనిగర్‌లో ఉండేది అదే. కుప్ప లోపల గాలి ఆడదు కదా, అక్కడ క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా చేరి బ్యూటిరిక్ ఆసిడ్ తయారు చేస్తాయి. పాడైన వెన్నలో, వాంతిలో కడుపు తిప్పే ఆ ఘాటు దీనిదే. ఇక మురుగు నీళ్ళు నిలబడిన గుంటలో ఇంకో రకం బ్యాక్టీరియా ఉంటాయి, ఆక్సిజన్ దొరక్కపోతే అవి నీళ్ళలో ఉన్న సల్ఫేట్‌ని వాడుకుని బతికేస్తాయి, సల్ఫేట్ బోరు నీళ్ళలో ఎలాగూ ఎంతోకొంత ఉంటుంది, వాటి నుంచి బయటికొచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

దీనికంతా ఫ్యాక్టరీయే ఉండాలనేం లేదు. 2025లో రేటు పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 ఇప్పిస్తామన్నాక కూడా కొనేవాళ్ళు చాలక రైతులు కాయల్ని రోడ్ల పక్కన పారబోశారు, ఆ కుప్పల్లోనూ జరిగింది ఇదే.

ఇప్పుడు మీటర్ సంగతి. వాసనల్ని చట్టంగా పట్టించుకున్న దేశాల్లో జపాన్ ముందుంటుంది, 1971లోనే దుర్వాసనల మీద చట్టం చేసింది. వాళ్ళ పరీక్ష సింపుల్: మనిషికి మూడు సంచులు ఇస్తారు, రెండింటిలో శుభ్రమైన గాలి, ఒకదానిలో వాసన కలిపిన గాలి, ఏది అని అడుగుతారు, కనిపెట్టేస్తే ఇంకా పల్చన చేసి మళ్ళీ అడుగుతారు, కనిపెట్టలేని దాకా. ఇట్లా కొలిచిన లెక్కల్లో ఆల్కహాల్ సుమారు 520 పీపీబీ ఉంటే గానీ ముక్కుకి తెలియదు (పీపీబీ అంటే వంద కోట్లలో ఒక భాగం), ఎసిటిక్ ఆసిడ్ 6 ఉంటే చాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ 0.4, బ్యూటిరిక్ ఆసిడ్ అయితే 0.2 కూడా అక్కర్లేదు. గ్యాస్ సిలిండర్‌లో లీకేజీ తెలియడానికి కావాలని కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ ఇంకా తక్కువలోనే తెలిసిపోతుంది. అంటే కుప్ప ముదిరే కొద్దీ వాసన మారడమే కాదు, అంతకంతకూ తక్కువ మోతాదులోనే ముక్కుకి దొరికేసే పదార్థాలు తయారవుతుంటాయి.

మన దేశంలో గాలి నాణ్యతకి 2009లో పెట్టిన ప్రమాణాల్లో 12 అంశాలున్నాయి. దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, సీసం వగైరా. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు, బ్యూటిరిక్ ఆసిడ్ లేదు. వాసనగల వాయువుగా జనానికి బాగా తెలిసిన అమోనియా మాత్రం ఉంది, 24 గంటల సగటు ఘనపు మీటరుకి 400 మైక్రోగ్రాములు దాటకూడదు, అది సుమారు 575 పీపీబీ అవుతుంది. తమాషా ఏంటంటే ఆ జపాన్ లెక్కల ప్రకారం అమోనియా 1500 పీపీబీ ఉంటే గానీ ముక్కుకి తెలియదు. లిస్టులో ఉన్నది లిమిట్ దాటినా మనకి తెలియకపోవచ్చు, మనకి తెలిసేదేమో లిస్టులోనే లేదు. ఆరోగ్యానికి హాని చేసేవాటి కోసం పెట్టిన ప్రమాణాలివి, దుర్వాసన కోసం కాదు, అందుకని ఆ రిపోర్టులో అంతా నార్మల్ అని వస్తే ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో వాసనల మీద విడిగా మార్గదర్శకాలు తెచ్చింది గానీ మార్గదర్శకాలు మార్గదర్శకాలే.

ముక్కుకీ దాని తిక్క దానికుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 400 రకాల దాకా ఉంటాయి, ఇట్లాంటి గ్రాహకాల జన్యువుల్ని 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 2004లో నోబెల్ తీసుకున్నారు. కానీ ఈ ముక్కు మోతాదుని సరిగ్గా లెక్కపెట్టదు, చాలా వాసనలకి గాఢత పది రెట్లు తగ్గితే గానీ 'ఆ, సగం తగ్గింది' అనిపించదు. ఫ్యాక్టరీవాళ్ళు నిజంగానే డబ్బులు పెట్టి సగం తగ్గించినా టౌన్‌లో మాత్రం ఏం తేడా లేదే అంటారు, పాపం అదీ నిజమే. ఇంకోటి, ఒకే వాసనలో కొన్ని నిమిషాలుంటే ముక్కు దాన్ని వదిలేస్తుంది, లోపల పనిచేసేవాళ్ళు 'ఏం వాసన సార్?' అనేది అబద్ధమాడి కాదు.

ఇక్కడొక సీరియస్ విషయం చెప్పాలి. టౌన్‌లో తగిలే మోతాదుకి మామూలుగా విషప్రభావం ఉండదు, తలనొప్పి, వికారం, నిద్ర చెడటం ఉంటాయి, అవి కూడా చిన్నవేం కాదు. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక భాగం) దగ్గరికి వెళ్తే, అంటే ముక్కుకి తెలిసే మోతాదుకి రెండు లక్షల రెట్లు పైన, కొద్ది నిమిషాల్లోనే వాసన తెలియడమే ఆగిపోతుంది, మనిషి వాసన పోయిందనుకుని ఇంకా లోపలికి దిగుతాడు. మూసిన ట్యాంకుల్లో, సంపుల్లో ఈ వాయువు అట్లా పేరుకుంటుంది. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర ఒక కోడిపిల్లల హేచరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. వాసన రావట్లేదు కదా అని ట్యాంకులోకి దిగడం అంత ప్రమాదం.

సరే, తెల్లారుజామునే ఎందుకు? పగలు ఎండకి నేల కాలి గాలి పైకి లేస్తుంది, కిలోమీటరు రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోతుంది, గబ్బు ఎంత పుట్టినా అంత గాలిలో పల్చబడిపోతుంది. పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి పాత్ర మీద మూత పెట్టినట్టు కూర్చుంటుంది. ఆ మూత కొన్నిసార్లు వంద రెండొందల మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పైగా చల్లగాలి పల్లానికి జారుతుంది, చిత్తూరు చుట్టూ గుట్టలు, మధ్యలో నీవా నది పారే పల్లం, గాలి వీచని రాత్రుల్లో ఎక్కడ పుట్టిన వాసనైనా వాగుల దారి పట్టుకుని మెల్లగా దిగొచ్చి ఇళ్ళ మధ్యన చేరుతుంది. పొద్దెక్కి ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి మూత లేచిపోతుంది, ఇన్‌స్పెక్షన్ జీపు వచ్చేది ఆ తర్వాత. చిమ్నీ ఎత్తు పెంచమని కొందరు డిమాండ్ చేస్తారు గానీ దానివల్ల బాయిలర్ పొగ దూరం పోతుందేమో, ఈ గబ్బు పుట్టేది తొక్క కుప్పల్లో, గుంటల్లో, నేల మట్టంలో, దానికి పైకి లేచే వేడీ లేదు, చిమ్నీతో సంబంధమూ లేదు.

తగ్గించే దారులు తెలియనివేం కాదు. సున్నం వేస్తే బ్యూటిరిక్ ఆసిడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ రెండూ ఆమ్ల స్వభావం ఉన్నవి కాబట్టి లవణాలుగా మారి నీళ్ళలోనే ఉండిపోతాయి, అయితే మాంసం, కోళ్ళ వ్యర్థాలున్న చోట సున్నం వేస్తే అమోనియా ఎగదన్నుకొస్తుంది, అది వేరే గోల. సెంటు వాసన స్ప్రే చేయడం అన్నిటికంటే చెత్త ఉపాయం, గబ్బుకి మల్లెపూల వాసన తోడైతే ఇంకా కడుపు తిప్పుతుంది. గుంటలోకి గాలి కొట్టడం, షెడ్డు మూసేసి లోపలి గాలిని కొబ్బరిపీచు, కంపోస్టు పరిచిన బయోఫిల్టర్ గుండా పంపడం (అందులో ఉండే సూక్ష్మజీవులు వాసన పదార్థాల్ని తినేస్తాయి) బాగానే పనిచేస్తాయి. అన్నిటికంటే లాభం బయోగ్యాస్, గాలి ఆడకుండా కుళ్ళడం ఎలాగూ జరిగేదే, అదేదో మూసిన ట్యాంకులో (డైజెస్టర్ అంటారు) జరిగితే వచ్చే మీథేన్ అనే మండే గ్యాస్ బాయిలర్‌కి పనికొస్తుంది. ఇంత తెలిసీ ఎందుకు అందరూ పెట్టరంటే మామిడి సీజన్ రెండు మూడు నెలలే, మిగతా కాలం డైజెస్టర్‌లో బ్యాక్టీరియాకి మేత ఉండదు, మళ్ళీ సీజన్‌కి దాన్ని దారిలోకి తేవడానికి వారాలు పడుతుంది, ఈలోగా తొక్కలోని చక్కెర ఆమ్లమైపోయి మీథేన్ చేసేవాటిని చంపేస్తుంది, పేడ కలపాలి, సున్నం చూసుకోవాలి, పని చాలా ఉంటుంది. టెంక లోపలి జీడి కొవ్వుకైతే యూరప్‌లో చాక్లెట్‌లో కలపడానికి అనుమతి కూడా ఉంది, మన దగ్గర అదే కుళ్ళి కంపు కొడుతుంటుంది.

చట్టంలో మీటర్ లేకుండా కూడా ఒక దారుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో కొందరు వీధివాళ్ళు కాలువల కంపు, ఒక ఆల్కహాల్ ప్లాంటు వదిలే మురుగు గబ్బు భరించలేక పబ్లిక్ న్యూసెన్స్ కింద కేసు వేస్తే 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ మునిసిపాలిటీ డబ్బుల్లేవని తప్పించుకోవడానికి వీల్లేదని తీర్పిచ్చారు. అప్పటి సీఆర్పీసీ (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) 133 సెక్షనే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 152, ఆర్డీవో దగ్గర పిటిషన్ వేయొచ్చు. వేసేటప్పుడు 'ఎప్పుడూ గబ్బే' అని రాస్తే ఉపయోగం లేదు, తేదీ, టైము, గాలి ఉందా లేదా, ఏ దిక్కు నుంచి, అన్నీ రాయండి, వెనిగర్ వాసనా, వెన్న వాసనా, గుడ్డు వాసనా అనేది కూడా రాయండి. మొదటిది తాజా తొక్క కుప్ప, రెండోది గాలి ఆడక లోపల కుళ్ళిన కుప్ప, మూడోది నిలవ నీళ్ళ గుంట. మామిడి కాయే లేని డిసెంబర్‌లో కూడా గుడ్డు వాసనే వస్తుంటే ఫ్యాక్టరీని పక్కనపెట్టి ముందు మన వీధి డ్రైనేజీ మూతలు తీయించండి.