పదమూడు రెట్టింపులు

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "2003లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన టోర్నమెంట్‌ను క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ గెలిచాడు. పేకనే వృత్తిగా చేసుకున్నవాళ్లు అంతమంది కూర్చున్న చోట, పెద్ద పోటీల అనుభవమే లేని మనిషి గెలిచాడంటే, పోకర్ కూడా మన మూడు ముక్కలాట లాంటి అదృష్టపు ఆటేనా?"

ఆ ఇంటిపేరు కల్పితం కాదని ముందుగా చెప్పాలి. ప్రవేశ రుసుము 10,000 డాలర్లున్న ఆ పోటీలోకి ఆయన ఇంటర్నెట్‌లో 86 డాలర్లతో ఆడిన అర్హత పోటీ ద్వారా వచ్చి, 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ వార్త విన్న ప్రతి గుమాస్తా, ప్రతి విద్యార్థి "నేనెందుకు గెలవను?" అనుకున్నట్టున్నారు; మరుసటి ఏడాది 2,576 మంది, 2006లో 8,773 మంది, 2024లో 10,112 మంది ఆ పోటీకి వచ్చారు. పోకర్ నియమాలు నేనిక్కడ వివరించను. రమ్మీ వచ్చినవారికి అవి ఒక పూటలో పట్టుబడతాయి, పైగా మనకు కావలసిన లెక్కకు వాటి అవసరం అంతగా లేదు.

లెక్క ఇది. పది వేల మంది సమానమైన చిప్స్‌తో, అంటే డబ్బుకు బదులుగా పందెం కాసే బిళ్లలతో, మొదలుపెడతారు. చివరికి అన్ని చిప్స్ ఒక్కరి ముందుకు చేరతాయి. అంటే గెలిచేవాడి సొత్తు పది వేల రెట్లు పెరగాలి. ఒకటి రెండు కావడం, రెండు నాలుగు కావడం, నాలుగు ఎనిమిది కావడం అన్న వరుసలో పోతే పది వేలకు చేరడానికి పదమూడు రెట్టింపులు దాటి ఇంకో చిన్న ముక్క, కచ్చితంగా చెబితే 13.29 రెట్టింపులు, కావాలి. నిజమైన ఆటలో చిప్స్ ఇంత క్రమంగా పెరగవు, కొంత పోతూ కొంత వస్తూ ఉంటాయి; అయినా మొత్తం ప్రయాణాన్ని కొలవడానికి ఈ కొలకర్ర చాలు. ఏ ప్రత్యేకతా లేని ఆటగాడు ప్రతి రెట్టింపునూ సగం అవకాశంతో దాటుతాడనుకుంటే, చివరిదాకా చేరే అవకాశం పది వేలలో ఒకటి. ఇది న్యాయంగానే ఉంది.

ఇప్పుడు నిపుణుణ్ణి తీసుకుందాం. ప్రతి రెట్టింపునూ అతడు నూటికి 55 అవకాశంతో దాటతాడనుకుందాం. 0.55ను 13.29 ఘాతానికి పెంచితే వచ్చేది సుమారు 2,820లో ఒకటి. సాధారణ ఆటగాడితో పోలిస్తే ఇది మూడున్నర రెట్లు, అంటే వ్యాపారం చేసే ఎవరైనా కళ్లకద్దుకునే ఆధిక్యం. కానీ 2,820 పోటీల్లో 2,819 సార్లు ఆ నిపుణుడు కూడా ఓడిపోయి ఇంటికి వెళతాడు. పది వేల మందిలో ఇలాంటివారు వెయ్యి మంది ఉన్నారనుకున్నా, వారందరి అవకాశాలూ కూడితే 35 శాతమే అవుతుంది. మిగిలిన 65 శాతం తొమ్మిది వేల మంది అనామకులది. కాబట్టి మూడేళ్లలో రెండేళ్లు అకౌంటెంటో, దంతవైద్యుడో, సెలవు పెట్టి వచ్చిన గుమాస్తానో గెలవడమే ఈ లెక్క ప్రకారం జరగవలసిన సంగతి. మనీమేకర్ గెలుపు నైపుణ్యం లేదనడానికి రుజువు కాజాలదు.

ఇంకా కఠినంగా పరీక్షిద్దాం. పోకర్‌లో మొదట చేతికి వచ్చే రెండు ముక్కలలో ఆసుల జతను మించినది లేదు. అది 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఎదుటివాడికి అదే సమయంలో రాజుల జత వచ్చి, ఇద్దరూ ఉన్నదంతా ఒడ్డితే, ఆసులవాడు గెలిచే అవకాశం నూటికి 82. దేవుడు కరుణించి, రెట్టింపు కావలసిన ప్రతిసారీ మీకు ఆసులూ ఎదుటివాడికి రాజులూ పంచాడనుకోండి. అలా 13.29 రెట్టింపులు దాటే అవకాశం ఎంత? ఏడు శాతం. ఇంతటి దైవకృప పొందిన పద్నాలుగు మందిలో పదమూడు మంది మధ్యలోనే లేచి వెళ్లిపోతారు.

మరి నిపుణుల నైపుణ్యం ఎక్కడ దాగుంది? ఈ విషయంలో నన్ను ఏళ్లుగా వదలని గణితం ఒకటుంది. 17వ శతాబ్దంలో పాస్కల్, హైగెన్స్ తలకెత్తుకున్న జూదరి దివాలా సమస్య అది. సమానమైన సొత్తు ఉన్న ఇద్దరు, ఒకరు పూర్తిగా దివాలా తీసేవరకు సమానమైన పందేలతో ఆడతారు. ఒక్కొక్క పందెంలో మీరు గెలిచే అవకాశం 51, ఓడే అవకాశం 49. మీ సొత్తు ఎన్ని పందేలకు సరిపోతుందో ఆ సంఖ్యను 49/51 అనే భిన్నానికి ఘాతంగా వేసి, వచ్చినదానికి ఒకటి కలిపి, ఒకటిని దానితో భాగిస్తే మీ సొత్తు రెట్టింపయ్యే అవకాశం వస్తుంది. ఉన్నదంతా ఒకే పందెంగా ఒడ్డితే 51 శాతం. అయిదు పందేలుగా విడగొడితే 55 శాతం. పదిగా విడగొడితే 60 శాతం. యాభైగా విడగొడితే 88 శాతం. ముక్కలు అవే, తెలివి అంతే, ఒక్కొక్క పందెంలో ఉన్న ఆధిక్యం అదే రెండు శాతం. మెట్లు ఎక్కువయ్యాయి, అంతే. చిన్న చిన్న పందేలను నిపుణులు ఇష్టపడడానికీ, మంచి ముక్కలు వచ్చినా ఉన్నదంతా ఒకేసారి ఒడ్డకుండా తప్పించుకోవడానికీ కారణం ఇదే. వారు సింహాచలం కొండను మెట్లదారిన ఎక్కాలనుకునేవారు. ఒకే గెంతులో ఎక్కుదామని పిలిచే ఔత్సాహికుడంటే వారికి అందుకే భయం.

అయితే టోర్నమెంట్ ఆ మెట్లను ఒక్కొక్కటే తీసేస్తూ పోతుంది. ప్రతి పంపకంలోనూ ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేయవలసిన పందేన్ని బ్లైండ్ అంటారు. నిర్ణీత సమయానికొకసారి ఈ మొత్తం పెరుగుతుంది. మొదటి రోజున మీ సొత్తు వందలాది బ్లైండ్లకు సరిపోతే, చివరి రోజుల్లో కొన్ని పదులకు, చిప్స్ తక్కువున్నవారికి పదికి లోపే సరిపోతుంది. యాభై మెట్ల నిచ్చెన అయిదు మెట్లదిగా మారుతుంది. ఇందాక నేను ఊరికే అనుకున్న 55 శాతం సరిగ్గా ఆ అయిదు మెట్ల నిచ్చెనదే. పోటీ ఏదో ఒక రోజున ముగియాలి గనుక గడియారం పెట్టారు. అదృష్టం ముక్కల్లోంచి కంటే ఎక్కువగా ఆ గడియారంలోంచే ఆటలోకి వస్తోంది. మన విశాఖ క్రికెట్ మైదానంలో అయిదు రోజుల టెస్టులో బలమైన జట్టును ఓడించడం కష్టమనీ, జట్టుకు 120 బంతుల ఆటలో ఎవరైనా ఎవరినైనా కొట్టవచ్చుననీ తెలిసిన ప్రేక్షకుడికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చతుర్ముఖ పారాయణంలో కూర్చునే మా బంధువొకాయన, వరుసగా మూడాటలు పోతే దిండు మార్చేవాడు, నాలుగోది పోతే చోటు మార్చేవాడు. అయిదోది గెలిస్తే ఆ ఘనత చోటుదే. మూఢనమ్మకం పుట్టేది తక్కువ ఆటల నుంచి. రెండు వందల ఆటలు రాసిపెట్టుకుంటే దిండు గుట్టు బయటపడేది. తరగతి గదిలోనూ ఇదే లోపం. ఇంటర్మీడియట్ పుస్తకంలో 52 ముక్కల లెక్కలు చేయిస్తాం, కానీ పేక ముట్టుకోవడం తప్పని పెరిగిన పిల్లలకు ఆఠీన్ ఏదో కళావర్ ఏదో తెలియదు, అదే లెక్క వెయ్యిసార్లు పంచి చూసుకునే అవకాశం అసలే లేదు.

లెక్కలు తెలిసినవారు కూడా జారిపడే చోటు మరొకటి ఉంది. 1995లో ఇదే పోటీ విజేత అయిన డాన్ హారింగ్టన్ 2003లో 839 మందిలో మూడో స్థానం, 2004లో 2,576 మందిలో నాలుగో స్థానం పొందాడు. చివరి తొమ్మిదిమందిలో రెండేళ్లు వరుసగా ఉండడం కేవలం అదృష్టమైతే దాని అవకాశం సుమారు 26,700లో ఒకటి అంటారు. గుణకారం సరైనదే, ప్రశ్నే తప్పు. ముందుగా ఆయన పేరు చెప్పి పందెం కాసినవారెవరూ లేరు గదా! 2003లో చివరిదాకా వచ్చిన తొమ్మిదిమందిలో ఎవరైనా ఒకరు మళ్లీ అక్కడికి రావడం మనకు అంతే ఆశ్చర్యంగా ఉండేది. ఆ అవకాశం 81ని 2,576తో భాగిస్తే వచ్చే మూడు శాతం. అది అరుదైనదే, కానీ అద్భుతం అనదగ్గది కాదు.

నైపుణ్యాన్ని సరిగ్గా కొలవాలంటే పేర్లు ముందే రాసిపెట్టుకోవాలి. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 ప్రపంచ పోకర్ పోటీల విషయంలో ఆ పనే చేశారు. అంతకు ముందరి ఫలితాలను బట్టి నిపుణులనదగ్గ 720 మందిని విడిగా గుర్తించి, ఆ ఏటి పోటీలన్నిటిలో వారి ఫలితాలు చూశారు. కట్టిన రుసుము మీద వారికి సగటున 30 శాతం లాభం వచ్చింది. మిగిలినవారికి 15 శాతం నష్టం వచ్చింది. ఒక్క పోటీలో ఒక్క విజేతను చూస్తే ఎన్నటికీ కనిపించని నైపుణ్యం, వందలమందిని కలిపి చూస్తే ఇంత స్పష్టంగా తేలింది.

మూడు ముక్కలాట సంగతి కూడా పాఠకుడు అడిగారు గనుక చెబుతాను. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు, ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి గనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమనీ వేరుచేసింది. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన 2025 కేంద్ర చట్టం ఆ తేడానే పక్కన పెట్టింది. గణితానికి మాత్రం అవునో కాదో అన్న విభజన ఎప్పుడూ లేదు. ఎన్ని మెట్లు, ఎన్ని ఆటలు అన్నదే దానికి కావాలి.

మన 55 శాతం నిపుణుడికి పది వేల మంది ఉండే ప్రధాన పోటీ ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది. కనీసం ఒక్కసారి విజేత కావడానికి అతడికి సగం అవకాశమైనా రావాలంటే 1,950 పైచిలుకు పోటీలు ఆడాలి. అంటే తొట్లకొండ మీది విహారంలో బౌద్ధ భిక్షువులు ఇంకా వర్షావాసం గడుపుతున్న రోజుల్లో మొదలుపెట్టి, ఒక్క ఏడాది కూడా మానకుండా ఆడుతూ వచ్చి ఉంటే, ఈపాటికి అతడు గెలిచి ఉండడానికి ఎంత అవకాశమో, గెలవకపోయి ఉండడానికీ అంతే.