పోర్క్ నానబెట్టడంలో అపోహలు – వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఇళ్లకు వంట చేసి పంపడం నా పని. శనివారమైతే మన తెలుగువాళ్ల ఫోన్లు ఎక్కువ. "అక్కా, రాత్రికి చుట్టాలొస్తున్నారు, పోర్క్ ఎంతసేపు నానబెట్టాలి?"

అపోహ: ఎంత నానితే అంత లోపలికి మసాలా పడుతుంది.

వాస్తవం: రాత్రంతా నానిన పెద్ద ముక్కను నడిమికి కోసి చూడండి. పసుపు, కారం అంచున ఓ 2, 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. లోపలంతా పాలిపోయి ఉంటుంది. బాగా లోపలికి దిగేది ఉప్పే. అందుకే కిలోకి 15 గ్రాముల ఉప్పు ముందురోజు రాత్రే రుద్ది ఫ్రిజ్‌లో పెడతాను. అల్లంవెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి పొద్దున పట్టించినా చాలు.

అపోహ: నిమ్మరసం ఎంత పిండితే అంత మెత్తన.

పులుపు పైపొరనే పాడుచేస్తుంది. పచ్చి బొప్పాయి అయితే మరీను. ఒకసారి రాత్రంతా పట్టించి వదిలేశాను. తెల్లారి గరిటె పెడితే పైనంతా పిండిలా రాలింది, లోపల మాత్రం గట్టిగానే ఉంది. ఆ పూట ఆర్డరు మళ్లీ మొదట్నుంచి వండాను. మెత్తదనం భుజం ముక్కలోనూ సన్నని సెగలోనూ ఉంది. గంటన్నర మగ్గితే అందులోని నరాలు, పొరలు జిగురుగా కరుగుతాయి. కొడగువాళ్లు పంది కర్రీలో వేసే నల్లని చిక్కని పులుపు, కచంపులి, దాన్నీ చివర్లోనే వేస్తారు.

అపోహ: పోర్క్ తింటే మెదడులోకి పురుగు ఎక్కుతుంది.

ఈ భయంతోనే చాలామంది పళ్లెం పక్కకు జరుపుతారు. సరిగా ఉడకని మాంసంలో బద్దెపురుగు తిత్తులుంటే పేగులో పురుగు పెరుగుతుంది, నిజమే. మెదడులో తిత్తులు కట్టేది మాత్రం ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోతే. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలంలోంచి వస్తాయి, కడగని చేతులతోనో కూరగాయలతోనో మన నోటికి చేరతాయి. మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు రావచ్చు. కాబట్టి పోర్క్ పూర్తిగా ఉడికించండి, పక్కన పెట్టే కీరా, కొత్తిమీర అంతకంటే శ్రద్ధగా కడగండి.

నానబెట్టిన గిన్నెలో మిగిలిన రసం పచ్చిదే, దాన్ని బాగా మరిగించకుండా పైన పోయొద్దు.

రాత్రి విందుకైతే నేను పొద్దున్నే వండేస్తాను. వేడి తగ్గాక, 2 గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెడతాను. సాయంత్రానికి కొవ్వు తెల్లగా పైన పేరుకుంటుంది. అందులో సగం తీసేసి, గిన్నె పొయ్యి మీద పెట్టి కూరంతా తెర్లేదాకా కాచి, దించేముందు కరివేపాకు వేస్తాను.